ఎడం

మా నాన్న ముప్ఫయ్యేళ్లు ఆ దీవిని రోజూ చూశాడు. ఒక్కసారి కూడా దానిమీద కాలు పెట్టలేదు.

నాన్న కాకినాడ రేవులో ముఠాకూలీ. అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు, లోతు చాలదు. దూరంగా సముద్రంలో లంగరేసుకుని నిలబడేవి. బియ్యం బస్తాలు, నూనెచెక్క, ఎరువులు బార్జీల మీద ఓడకీ ఒడ్డుకీ తిరిగేవి. ఆ బస్తాల్ని ఎత్తి దింపిన వీపుల్లో మా నాన్న వీపొకటి. బార్జీలో నిలబడితే తూర్పున నీళ్ల మీద బొగ్గుతో గీసినట్టు ఒక సన్నటి గీత కనబడేది. అదే హోప్ ఐలాండ్. మా నాన్న నోట 'ఓపు దీవి'. చిన్నప్పుడు నేను అడిగేవాణ్ని.

"అక్కడేవుంటాయి నాన్నా?"

"పిట్టలుంటాయంట."

"నువ్వెప్పుడూ ఎల్లలేదా?"

"మనకక్కడ పనేవుంది? బస్తాల్లేవుగా."

పని లేని చోటికి వెళ్లడం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఊరికే చూడ్డానికని వెళ్లడం వేరేవాళ్ల సంగతి. మా దారులన్నీ పనికి పోయే దారులూ, పని నుంచి వచ్చే దారులూను.

2004 జనవరిలో ఒక ఆదివారం మా నాన్నని ఆ దీవికి తీసుకెళ్లాను. ఆ రోజు అక్కడ నేనొక తప్పు చేశాను. ఇది ఆ తప్పు గురించి, దాన్నించి పుట్టిన ప్రశ్న గురించి. ప్రశ్న ఇది. 'ఎడంగా వుండు' అనడం ఎప్పుడూ అంటరానితనమేనా? ఆ మాట మీదనే గదా మన పోరాటమంతా. అలాంటప్పుడు మనలాంటివాడు ఇంకొకరిని 'ఎడంగా వుండు' అనొచ్చా? అంటే ఎవర్ని అనొచ్చు, ఎవరి కోసం అనొచ్చు?

దీవి దగ్గరికి వెళ్లేముందు మా ఊరి చెరువు సంగతి చెప్పాలి. అది లేకపోతే ఇది అర్థం కాదు.

గోదావరి పాయ పక్కన మా వూరు. వూరికి పల్లాన మా మాదిగపేట. మంచినీళ్ల చెరువు వూళ్లో వాళ్లది. మా ఆడాళ్లు బిందెలు పట్టుకుని గట్టు కింద ఎడంగా నిలబడేవాళ్లు. ఎవరికైనా దయ కలిగితే పైనించి పోసేవాళ్లు. కలగకపోతే నిలబడటమే. 1965లో నాకు ఎనిమిదేళ్లు. మా అమ్మ వెంట వెళ్లాను. ఆ రోజు చెరువు మీదికి వాలిన చింతకొమ్మ మీద ఒక లకుముకి పిట్ట కూచునుంది. నీలం రంగు ఎండకి మెరుస్తోంది. చూస్తుండగానే రాయిలా నీళ్లలో పడి, చేపని ముక్కున పట్టుకుని లేచి మళ్లీ కొమ్మ మీదికి పోయింది. అది ఇంకోసారి మునుగుతుందేమోనని నేను మెట్లు దిగాను. ఎన్ని దిగానో చూసుకోలేదు. కాలికి నీళ్లు తగిలాయి.

"రేయ్! దూరం! దూరంగా పోరా!"

మునసబు గొంతు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో వుంది. నేను పారిపోలేదు. పారిపోవాలని కూడా తోచలేదు. కాళ్లు నీళ్లలోనే వుండిపోయాయి. రెండు చేతులూ పొట్టకి ఆనించుకుని, తలొంచుకుని నిలబడ్డాను. అలా నిలబడమని నాకెవరూ నేర్పలేదు. మా వొంటికే తెలుసు.

పిట్ట ఒళ్లంతా మునిగింది, చెరువు మైలపడలేదు. నా పాదం తడిసింది, మైలపడింది. సాయంత్రం మా నాన్నని చావిడి ముందు నిలబెట్టారు. పది రూపాయలు తప్పు వేశారు. ఆ కాలంలో పది రూపాయలంటే మా ఇంట్లో ఎన్ని రోజుల గంజో! నాన్న కట్టాడు. ఆ నెలలోనే మా అమ్మనీ నన్నూ తీసుకుని కాకినాడ వచ్చేశాడు. తాత చేసిన తోలుపని వదిలేశాడు, వూరు వదిలేశాడు. రేవులో బస్తాకి కులం అక్కర్లేదని ఎవరో చెప్పారట. ముఠా మేస్త్రీకి కావలసి వచ్చిందనేది తర్వాత తెలిసింది. అది వేరే కథ.

తాత పేరెత్తాను గనక ఆ పిట్టల సంగతీ చెప్పాలి. వూళ్లో గొడ్డు చస్తే కబురు మా పేటకే వచ్చేది. ఊరి చివర దిబ్బ మీద తాత తోలు ఒలుస్తుంటే రాబందులు దిగేవి. మెడలు ముడుచుకుని చుట్టూ కూచునేవి. దగ్గరికి వచ్చేవి కావు. తాత తన పని ముగించి, కత్తి తుడుచుకుని లేచేదాకా ఎడంగా ఆగేవి. ఆ తర్వాతే వాటి వంతు. నా చిన్నతనంలో మమ్మల్ని చూసి ఎడంగా ఆగిన ప్రాణులు అవే. అది గౌరవమని అనుకునేవాణ్ని. కత్తిని చూసి భయమే కావచ్చు. అయినా మా తాత వాటికి తన వాటాదారుల లెక్కే చెప్పేవాడు. "ఆళ్లది ఆళ్లకొదిలెయ్యాలి" అని పేగులూ మిగిలిన మాంసమూ తీరుగా వదిలి లేచేవాడు. ఆళ్లు! పిట్టల్ని 'అవి' అనలేదు.

మా నాన్న నన్ను చదివించాడు. బస్తా మోసి చదివించాడు. నేను ఒక కాలేజీలో లెక్చరర్నయ్యాను. నాతో పనిచేసే ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయనకి పక్షులంటే ప్రాణం. మంచివాడు. ఆయన చేతిలో సలీం అలీ పుస్తకం ఎప్పుడూ వుండేది. ఒకసారి తిరగేస్తుంటే మొదటి ముద్రణ 1941 అని కనిపించింది. నాకు వెంటనే గుర్తొచ్చింది, జాషువా 'గబ్బిలం' వచ్చిందీ 1941లోనే. ఒకే సంవత్సరం రెండు పుస్తకాలు. ఒకటి రెక్కలున్నవాటిని చూడ్డం నేర్పే పుస్తకం. ఇంకోటి, గుళ్లోకి పోనివ్వని మనిషి, గుళ్లోకి పోగలిగే గబ్బిలాన్ని బతిమాలి కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుకున్న కావ్యం. గబ్బిలం పక్షి కాదని సలీం అలీ చదివినవాళ్లు అంటారు. నిజమే. కానీ నా బాధ అది కాదు. చెరువులో లకుముకి పిట్టని చూసిన ఎనిమిదేళ్ల కుర్రాడికి ఆ రెండు పుస్తకాల్లో ఏది ముందు కావాలి? నాకు రెండూ కావాలనిపించింది. ఒకదానికోసం ఇంకోటి వదులుకోమంటే అదీ వెలివేయడమే.

అందుకే ఆయన "హోప్ ఐలాండ్ పోతున్నాం, వస్తారా" అనగానే వస్తానన్నాను. "మా నాన్నని కూడా తీసుకురావచ్చా" అని అడిగాను. ఆయన సంతోషంగా సరేనన్నాడు.

రేవు దగ్గర ఉప్పుటేరులో ఇంజను పడవ ఎక్కాం. మొత్తం తొమ్మిదిమంది. మెడల్లో కెమెరాలు, బైనాక్యులర్లు. మా నాన్న తెల్ల పంచె, చొక్కా, భుజాన తువ్వాలు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. వలపడవలు దాటుకుని పోతుంటే దూరంగా ఆగిన ఓడల్ని చూపిస్తూ ఏ ఓడలో ఎన్ని అరలుంటాయో, బస్తాలు ఎలా పేరుస్తారో చెప్పుకుంటూ పోయాడు. కెమెరా కుర్రాళ్లు మర్యాదగా విన్నారు. కాసేపటికి వినడం మానేశారు.

ఆ దీవి పెద్దదేం కాదు. గోదావరి పాయలు తెచ్చిన ఇసకా ఒండ్రూ రెండువందల ఏళ్లుగా పేరుకుని దక్షిణాన్నించి ఉత్తరానికి కొంకిలా సాగిన తిన్నె. పొడవు పదహారు కిలోమీటర్లంటారు, వెడల్పు చాలాచోట్ల నడిచి దాటేంతే. వెనక మడ అడవులు. ఇదంతా 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యంలో భాగం. జనవరి మొదలుకొని ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఎక్కి ఇసకలో గుడ్లు పెట్టుకుంటాయి. చలికాలంలో సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ వేల మైళ్లు ఎగిరి పిట్టలొస్తాయి. చంబల్ లాంటి ఉత్తరాది నదుల ఇసక తిన్నెల మీద పిల్లల్ని చేసుకునే స్కిమ్మర్ అనే పిట్ట కూడా ఈ తీరానికి చలికాలం గడపడానికి వస్తుంది. దాని కింది ముక్కు పై ముక్కుకన్నా పొడుగు. ఆ కింది ముక్కు నీళ్లలో ముంచి నాగలి పట్టినట్టు దున్నుకుంటూ ఎగురుతుంది. ఎర్రటి ముక్కు. దేశంలోనే అరుదైపోయిన పిట్ట.

దిగగానే మా లెక్చరర్ గుండెల నిండా గాలి పీల్చుకుని అన్నాడు. "చూశారా మాస్టారూ, మనిషి చెయ్యి తగలని చోటు."

తగలని, అంటని, తాకని. ఈ మాటలు ఆయన నోట పొగడ్తలు. నేల తాకనిదైతే పవిత్రం. మనిషి తాకరానివాడైతే మైల. ఒకే క్రియ. ఎవరు అంటున్నారు, దేన్ని అంటున్నారు అనేదాన్నిబట్టి స్వర్గమూ నరకమూ అవుతోంది. కానీ నేను ఏమీ అనలేదు. మంచివాడు గదా అని వూరుకున్నాను.

నిజానికి అది మనిషి చెయ్యి తగలని చోటు కాదు. ఆ దీవి మీద మత్స్యకారుల పల్లె వుంది. పుత్రయ్యపాకలు. తాటాకు కప్పులు, ఆరేసిన వలలు, మేకలు. మేం వెళ్లినప్పుడు ఒక్క కరెంటు స్తంభం నాకు కనబడలేదు. ఇసకలో చెలమ తవ్వుకుని మంచినీళ్లు తోడుకుంటున్నారు. ఇంతమంది బతుకుతున్న చోటు తాకని చోటు ఎలా అయింది? వాళ్ల చేతులు చేతుల కిందికి రావు గనక అయింది. మా చేతులు వూరి లెక్కలో రానట్టే.

మా నాన్న ఇసకలో నడుస్తున్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు. తన అడుగుల గుర్తుల్ని చూసుకుంటున్నాడని తర్వాత అర్థమైంది. పీష్వాల పూనాలో అంటరానివాడు నడుముకి చీపురు కట్టుకుని తన అడుగులు తనే చెరుపుకుంటూ నడవాల్సి వచ్చేదని అంబేద్కర్ 1936లో రాశాడు. మా నాన్న అది చదవలేదు. ఆయనకి చదువు రాదు. అయినా అంత తీరుబడిగా తన అడుగులు తను చూసుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు.

పోటు ఎక్కుతోంది. నీళ్లు దిగినప్పుడు బురదలో తిని, నీళ్లెక్కినప్పుడు మిగిలిన ఇసకమీద గుంపుగా చేరి పిట్టలు విశ్రాంతి తీసుకుంటాయి. దీవి కొసన వందల ఉల్లంకి పిట్టలు గాలికెదురుగా తిరిగి కూచునున్నాయి. వాటి పక్కన ఇరవయ్యో పాతికో స్కిమ్మర్లు. మా లెక్చరర్ గుసగుసగా చెప్పాడు. ఈ పిట్టలు ఇక్కడ తిని కొవ్వు దాచుకోవాలి. ఆ కొవ్వుతోనే మళ్లీ వేల మైళ్లు ఎగరాలి. మనం దగ్గరికి పోయి లేపిన ప్రతిసారీ దాచుకున్నది ఖర్చయిపోతుంది. కొన్ని దారిలోనే పడిపోతాయి. అందుకని ఎడంగా వుండాలి.

ఆ మాట న్యాయమైన మాట. నేనిప్పటికీ కాదనను. కానీ అదే మాట విన్న కెమెరా కుర్రాళ్లు పొద్దున్నించీ రెండుసార్లు ముప్ఫయ్యడుగుల దగ్గరికి పాక్కుంటూ పోయారు. రెండుసార్లూ గుంపు మొత్తం లేచి, నీళ్ల మీద చుట్టు తిరిగి మళ్లీ వాలింది. మా లెక్చరర్ "అయ్యో, కొంచెం ఆగండి బాబూ" అన్నాడు. అంతే. బాబూ అన్నాడు.

అప్పుడు పాకల వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. పదీ పదకొండేళ్లుంటాయి. నిక్కరు, చొక్కా లేదు. చేతిలో మూతపెట్టిన గిన్నె. నీటి అంచున నడుచుకుంటూ కొసవైపు పోతున్నాడు. గుంపు లేచింది. మొత్తం లేచింది. స్కిమ్మర్లు కూడా లేచి సముద్రం మీదికి పోయాయి. కెమెరా కుర్రాళ్లు ఉసూరుమన్నారు. వాళ్లకన్నా ముందు నేను అరిచాను.

"రేయ్! దూరం! దూరంగా పోరా!"

కుర్రాడు ఆగిపోయాడు. పారిపోలేదు. కాళ్లు నీళ్లలో. గిన్నెని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని తలొంచుకుని నిలబడ్డాడు.

ఆ నిలబడటం నాకు తెలుసు. అది నాది.

నా నోట మాట రాలేదు. మా నాన్న అప్పటికే వాడి దగ్గరికి నడుస్తున్నాడు. వాడి భుజం మీద చెయ్యేసి ఏదో మాట్లాడాడు. వాడేదో చెప్పాడు, చేత్తో చూపించాడు. నాన్న చాలాసేపు విని, తల వూపి, వాణ్ని పంపించి తిరిగొచ్చాడు.

"ఆ కుర్రోడు ఆళ్లయ్యకి సద్ది పట్టుకెల్తన్నాడంట. వల కాడికి దారదేనంట. రోజూ ఎల్తాడంట."

నేను మాట్లాడలేదు.

"రోజూ పిట్టలు లేవవంట. నీటి అంచున మెల్లిగా నడిత్తే, ఆటికేసి సూడకుండా ఎల్తే, జరిగి దారిత్తాయంట. పొద్దున మీరు రెండుసార్లు లేపారు గదా, ఇయ్యాల బెదురు మీదున్నాయంట."

కాసేపాగి, నాకేసి చూడకుండా సముద్రంకేసి చూస్తూ అన్నాడు.

"నువ్వరిచావే, అచ్చం మునసబు గొంతే. ఎక్కడ నేర్చుకున్నావురా?"

మిత్రులారా, నన్ను జీవితంలో చాలామంది చాలా మాటలన్నారు. ఇంటర్వ్యూల్లో అన్నారు, స్టాఫ్ రూముల్లో అన్నారు, ఇల్లు అద్దెకడిగితే అన్నారు. ఏదీ ఇంత లోతుకి దిగలేదు.

నేను కుర్రాడి వెనక పరుగెత్తాను. "తప్పయింది బాబూ" అన్నాను. వాడికి అర్థం కాలేదు. తలెత్తకుండానే "పర్లేదండి" అన్నాడు. మా వైపు ప్రతి మాటకీ 'అండి' వుంటుంది, అది మర్యాద. కానీ వాడి 'అండి'లో మర్యాద లేదు, నేను పుట్టించిన భయం వుంది.

తిరిగొచ్చేటప్పుడు పాకల దగ్గర ఆగాం. నాన్నకి దాహం వేసింది. ఒక పాక ముందు కూచున్న ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. మా నాన్న అలవాటు చొప్పున నడుం వంచి దోసిలి పట్టాడు. డెబ్భయ్యేళ్ల మనిషి, నలభయ్యేళ్లు పట్నంలో వున్న మనిషి, కొత్తచోట నీళ్లిస్తే దోసిలే పడతాడు. ఆవిడ చెంబు వంచలేదు. ఒక క్షణం చూసింది.

"సెంబెత్తుకు తాగు పెద్దాయనా. ఇక్కడెవరు సూడొచ్చారు."

నాన్న చెంబు తీసుకుని తాగాడు. తిరిగిచ్చాడు. ఆవిడ దాన్ని కడగకుండానే లోపలికి తీసుకుపోయింది.

ఆ మాటని నేను చాలా ఏళ్లు తిరగేసుకున్నాను. ఆవిడకి అర్థమైంది. మేం ఎవరమో అర్థమైంది. అర్థమయ్యీ చెంబిచ్చింది. కానీ 'ఎవరు సూడొచ్చారు' అంది. అంటే చూసేవాళ్లుంటే ఇచ్చేది కాదా? ఒడ్డున వున్న వూళ్లో అయితే పైనించే పోసేదా? చూసేవాళ్లు లేనిచోట దొరికే సమానత్వం సమానత్వమేనా? 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు అంబేద్కర్ అందరూ చూస్తుండగా తాగాడు. చూస్తుండగా తాగడమే అక్కడ విషయం. చాటుగా తాగితే దాహం తీరుతుంది గానీ చెరువు మనది కాదు. పశువులు తాగొచ్చు, పిట్టలు తాగొచ్చు, మనిషి తాగకూడదన్న చెరువు అది. తాగాక ఆ నీళ్లని ఆవుపేడతో మూత్రంతో శుద్ధి చేసుకున్నారు.

అయినా ఆవిడ ఇచ్చిన చెంబుని నేను తక్కువ చెయ్యను. అంత కష్టపడి చెలమలో తోడుకున్న నీళ్లు. ఎవరూ చూడనిచోట కూడా దోసిట్లో పోసేవాళ్లని నేను చూశాను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను.

మనలో కొందరు అంటారు, పిట్టల గోల అగ్రవర్ణాల తీరుబడి అని. పిట్టమీద వున్న జాలి మనిషి మీద లేదని. నేనూ సభల్లో అన్నాను, చప్పట్లు కొట్టించుకున్నాను. అందులో సగం నిజం వుంది. తాత వాటాదారులైన రాబందులు 1990ల నుంచీ కళ్ల ముందే మాయమవుతుంటే అందంగా లేని ఆ పిట్టల కోసం మొదట్లో ఏడ్చినవాళ్లు తక్కువ. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాల ద్వారా వాటిని చంపుతోందని 2004లో తేలింది. పశువులకి దాన్ని 2006లో నిషేధించారు. అప్పటికే మూడు జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. చచ్చిన గొడ్డుని ఎత్తి శుభ్రం చేసిన మనుషుల్నీ, పిట్టల్నీ కూడా వూరు పని వున్నంతకాలమే సహించింది.

కానీ మిగతా సగం నిజం కాదు. ఇసక మీద కూచున్న పిట్టకి కులం తెలీదు. దాన్ని కెమెరావాడు లేపినా, సద్ది మోసే పిల్లాడు లేపినా దాని కొవ్వు అంతే ఖర్చవుతుంది. దానికి ఎడం కావాలి. ఆ ఎడాన్ని అంటరానితనంతో కలిపేస్తే మనం మన బాధని అడ్డం పెట్టుకుని ఇంకొక ప్రాణిని తొక్కినవాళ్లం అవుతాం.

మరి తేడా ఎక్కడ? నాకు తోచింది చెప్తాను.

పిట్ట అడిగే ఎడం దెబ్బ తగిలేవాడు అడిగే ఎడం. బలం లేనిది, బలం వున్నవాణ్ని ఆగమంటోంది. కులం పెట్టిన ఎడం దెబ్బ కొట్టేవాడు పెట్టిన ఎడం. బలం వున్నవాడు, లేనివాణ్ని ఆగమంటున్నాడు. చూడ్డానికి రెండూ ఒకే కొలతలో వుండొచ్చు, అదే ముప్ఫయ్యడుగులు కావచ్చు. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడాలి. ఆ రోజు దీవి మీద పిట్టల కోసం ఎడం పాటించాల్సింది మేం, సరదాకొచ్చిన తొమ్మిదిమందిమి. మేం పాటించలేదు. పాటించని ఖర్చు అంతా సద్ది గిన్నె పట్టుకున్న కుర్రాడి మీద వేశాం. పిట్టల పేరు చెప్పి వేశాం. అక్కడ న్యాయమైన ఎడం కాస్తా మునసబు ఎడం అయిపోయింది. మాట మారలేదు, దాని దిక్కు మారింది.

ఇంకోటి కూడా వుంది. ఆ కుర్రాడికి ఎడం ఎలా పాటించాలో మాకన్నా బాగా తెలుసు. వాటికేసి చూడకుండా నీటి అంచున మెల్లిగా నడవాలని తెలుసు. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, రోజూ వాళ్లయ్యకి అన్నం తీసుకెళ్లడంలో వచ్చింది. దాన్ని అడగకుండా మేం అరిచాం. మా తాత 'ఆళ్లది ఆళ్లకొదిలెయ్యాలి' అన్న మాటని కూడా ఏ అభయారణ్యం వాళ్లూ వచ్చి అడగలేదు.

పడవలో తిరిగొస్తుంటే మా లెక్చరర్ ఒక సంగతి చెప్పాడు. ఈ ఇసక తిన్నే లేకపోతే కాకినాడ తీరం అలల దెబ్బ నేరుగా తినేదట. తిన్నెకీ వూరికీ మధ్య నీళ్లు నెమ్మదిగా వుంటాయి గనకే ఓడలు వచ్చి నిలబడగలిగాయట. అందుకే ఇంగ్లీషువాళ్లు దీనికి ఆశ అని పేరు పెట్టుకున్నారట. కోరంగి రేవుని 1839 తుఫాను తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 తుఫానులో మా వూరి పేట మొత్తం నీళ్లలో మునిగింది. నేను వెళ్లేసరికి మావాళ్లంతా బడి వరండాలో వున్నారు. గదులు వూరివాళ్లకి, వరండా పేటకి. ఆ రాత్రి కూడా ఎడం తప్పలేదు.

నాన్న ఆ మాటలన్నీ విని, వెనక్కి పోతున్న దీవిని చూస్తూ అన్నాడు.

"అయితే ఇదీ మన పేటలాంటిదేరా. దెబ్బ దీనికి, నీడ ఆళ్లకి."

ముప్ఫయ్యేళ్లు బార్జీ మీంచి దాన్ని చూసిన మనిషికి ఒక్కరోజు దానిమీద నడిచాక అర్థమైంది అది.

నాన్న పోయి చాలాకాలమైంది. నేనూ రిటైరయ్యాను. ఆ తర్వాత పిల్లల్ని తీసుకుని నాలుగైదుసార్లు దీవికి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ముందు పాకల్లోకి పోయి, ఈవేళ పిట్టలెక్కడున్నాయి, మేం ఎక్కడ ఆగాలి అని అడిగేవాణ్ని. వాళ్లు చెప్పినచోట ఆగేవాళ్లం. ఎవరైనా కుర్రాడు "ఇంకొంచెం ముందుకెళ్దాం సార్" అంటే, ఎందుకు వద్దో ఈ కథ చెప్పేవాణ్ని. మొత్తం చెప్పేవాణ్ని, నేను అరిచింది కూడా.

ఒక్కటి మాత్రం సరిచేసుకోలేకపోయాను. ఆ రోజు పిట్టల పేర్లు పన్నెండు రాసుకున్నాను, డైరీలో ఇంకా వున్నాయి. ఆ కుర్రాడి పేరు రాసుకోలేదు. నేను అడగలేదు. మా నాన్న అడిగే వుంటాడు, భుజం మీద చెయ్యేసినప్పుడు మొదట అడిగేది అదే గదా. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ పేరేంటని నేను ఆయన్ని కూడా అడగలేదు.